మార్కు చూశాక పేపర్ చూడరు

నిన్న ఇంజినీరింగ్ సెకండియర్ వాళ్లకి డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చే పద్ధతులు) మిడ్ పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చాను. అందుకోవడం, పైమూల అంకె చూడటం, పక్కవాడిది తొంగి చూడటం, బ్యాగులో కుక్కడం. ఉప్పల్ దాకా కాలేజీ బస్సులో కుదుపులకి వంకర్లు పోతూ నేను ఎర్ర పెన్నుతో రాసిన మాటలు చదివినవాళ్లు ముగ్గురుంటే గొప్ప. తర్వాత నా టేబుల్ చుట్టూ మూగారు: "ఒక్క మార్కు వేయండి మేడమ్!"

సగం మంది చేసిన తప్పు ఒకటే. లింక్డ్ లిస్ట్ అంటే ఒక్కో డబ్బా (నోడ్) తన తర్వాతి డబ్బా ఎక్కడుందో బాణంతో చూపించే గొలుసు. దాని మధ్యలో కొత్త నోడ్ చేర్చాలి. ముందు కొత్తదాన్ని తర్వాతి నోడ్‌కి కలిపి, ఆ తర్వాతే పాతదాన్ని కొత్తదాని వైపు తిప్పాలి. వీళ్లు ఆ రెండు లైన్లూ తారుమారు చేశారు. అంతే, ఆ తర్వాతున్న లిస్టంతా చేజారింది. నేను 5కి 2 వేశాను. ఆ 2 చూసి ఎవరికేం అర్థమవుతుంది?

1988లో విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ స్కూలు పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇదే. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం కాస్తా పోయింది.

పోయిన సెమిస్టర్ క్లాస్ టెస్టులో నేనూ మార్కులు దాచి, తప్పు కింద గీత మాత్రం గీసిచ్చాను. రెండు రోజుల్లో సరిచేసి తెస్తే పోయినవాటిలో సగం తిరిగిస్తానన్నాను. మొదట "ఇంతకీ నాకెంత మేడమ్?" అని ఒకటే గోల. మర్నాడు లంచ్‌లో చూస్తే ఇద్దరు బోర్డు మీద డబ్బాలు, బాణాలు గీసి కొట్టుకుంటున్నారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మాత్రం "మార్కులు పంచిపెడతారా?" అన్నారు. పంచిపెట్టలేదు సార్, పనిచేయించుకుని ఇచ్చాను.

హైదరాబాద్ జేఎన్‌టీ యూనివర్సిటీ (జేఎన్‌టీయూహెచ్) ఆర్18 అనే 2018 నిబంధనల్లో వందకి 25 ఉన్న ఇంటర్నల్స్‌ని, అంటే కాలేజీలోనే వేసే మార్కుల్ని, 2022 నాటి ఆర్22లో 40 చేసింది. మంచిదే. లెక్చరర్ చేతికి అన్ని మార్కులు వచ్చినప్పుడు, పిల్లాడు నేర్చుకున్నది వాటిలో కనబడాలి కదా?

ఒకబ్బాయికి మొదటి టెస్టులో 20కి 6, రెండోదాంట్లో 18. ఇంకొకరికి రెండింట్లోనూ 12. మా కాలేజీ ఎక్సెల్ షీట్ ఇద్దరికీ సగటు 12 వేసింది.

"ఇప్పుడు నాకు వచ్చు కదా మేడమ్, మరి 12 ఏంటి?" అన్నాడు.

"షీట్‌లో ఫార్ములా లాక్ చేసి ఉంది నాన్నా," అన్నాను. నిజంగానే లాక్ చేసి ఉంది.