పాలపండ్ల గుర్రం మీద పెళ్ళికొడుకును ఎక్కించకండి

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని సామెత. మహారాష్ట్రలో మా నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి దిక్కు గుర్రం పట్టిన ప్రతి పిలగాడి నోట ఇదే మాట. పిల్లగుర్రం కొంచెం మొరాయించిందంటే చాలు, సామెత చెప్పి కొరడా తీస్తారు. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పిల్లగుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటే ముందు నాలుగో కాలు నొస్తుందేమో పట్టి చూడాలి. రౌతు మెత్తనా గట్టినా అనే ముచ్చట తర్వాత.

మొన్న మార్గశిరంలో మాళేగావ్ ఖండోబా జాతరకు పోయి మా చిన్నాయన కొడుకు పెళ్ళి బారాత్‌లకు తిప్పడానికి ఒక కుమ్మైతు (ఎర్రగోధుమ రంగు) గుర్రాన్ని తెచ్చిండు. మన మల్లన్నే అక్కడ ఖండోబా కాబట్టి దానికి మల్లిగాడు అని పేరు పెట్టినం. అమ్మినవాడు "మూడేండ్లు నిండినయ్, నేర్పుడే తరువాయి" అన్నాడట. ఇంటికి వచ్చినంక నేను దాని కింది పెదవి దించి చూసిన. ముందటి ఆరు పండ్లూ పాలపండ్లే. చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర మెడ నొక్కినట్టు సన్నగా ఉన్నాయి. అసలు పన్ను వచ్చిందంటే వెడల్పుగా ఉంటుంది, కొద్దిగా పసుపు తిరుగుతుంది, చూడగానే పక్కపన్నుకూ దానికీ తేడా తెలిసిపోతుంది. గుర్రానికి నడిమి రెండు పండ్లు రెండున్నరేళ్ళకు మారతాయి, వాటి పక్కవి మూడున్నరకు, కడపండ్లు నాలుగున్నరకు. కోడెను కొనేటప్పుడు రెండు పండ్లా నాలుగు పండ్లా అని నోరు తెరిచి చూసే మనమే, గుర్రం దగ్గరికొచ్చేసరికి రంగు చూసి, సుడి చూసి, తల ఎత్తే తీరు చూసి పైసలు ఇచ్చేస్తాం. వాడు చెప్పిన మూడేళ్ళు కాదు, మల్లిగాడికి గట్టిగా రెండేళ్ళు.

ఏడాది ఆగుదామని చిన్నాయనకు చెప్పిన. "ఏడాది ఎట్ల ఆగాలెరా, వైశాఖంలో ముహూర్తాలున్నయ్, దాణా ఖర్చన్న ఎల్లాలె గద" అన్నాడు. ఆయన కష్టం నాకు తెలియంది కాదు. సోయాబీన్‌కు ధర లేక, అప్పు తెచ్చి కొన్న గుర్రం అది. కానీ బారాత్‌లో ఆడే నాచ్ నేర్పడానికి పిలిచిన ఉస్తాద్ పని మొదలుపెట్టిన రోజే నాకు గుండెలో రాయి పడ్డది. రెండు గుంజల నడుమ అటొక పగ్గం ఇటొక పగ్గం కట్టి, డోలు కొడుతూ, ఉన్నచోటనే కాళ్ళు ఎత్తించడం. పొద్దుగాల గంట, మాపున గంట. వారానికి ఏడు దినాలు. గుర్రం బిగుసుకుపోయి నురగ కక్కితే "జోష్ వచ్చింది" అంటాడు.

వైశాఖంలో ఒక రాత్రి బారాత్‌కు నేనూ వెంట నడిచిన. పగలంతా కాలిన తారు రోడ్డు. వెనక డీజే. పెళ్ళికొడుకు నాకంటే బరువు. ఆయన, జీను, జరీ గుడ్డలు, గంటల పట్టీలు కలిపితే తొంభై కిలోలకు తక్కువ ఉండదు. టేపు పెట్టి కొలిచి లెక్క కడితే మల్లిగాడి బరువు 280 కిలోలు. ఎదిగిన గుర్రానికే మోయదగ్గ బరువు ఒంటి బరువులో ఐదో వంతు అని పాత లెక్క. అమెరికాలో ఒహాయోలో 2008లో ఎదిగిన గుర్రాల మీదనే బరువులు పెట్టి చూస్తే పావు వంతు దాటినంక కండరాల నొప్పి, బిగుసుకుపోవడం బాగా ఎక్కువైనయ్. మల్లిగాడికి ఐదో వంతు అంటే 56 కిలోలు. మేం ఎక్కించింది దాదాపు మూడో వంతు. అదీ మూడు గంటలు, ఎగురుతూ.

తెల్లారి పొద్దుగాల సొప్ప వేయడానికి పోయి ఎందుకో కాళ్ళు తడిమిన. ఎడమ ముందుకాలు, మోకాలి కింద నల్లిబొక్క మీద అరచెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. కుడికాలు చల్లగనే ఉంది. వేళ్ళు లోపలి వైపుకు జరిపితే చింతగింజంత గడ్డ. బొటనవేలితో నొక్కగానే కాలు గుంజుకుని, తల తిప్పి నా భుజం మీద మూతి పెట్టింది. కరవలేదు, తన్నలేదు. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు చిన్నాయనకు కనపడకుండా దాచుకున్న.

ఆ గడ్డ ఎందుకు వస్తుందో పశువుల డాక్టర్ విప్పి చెప్పిండు. నల్లిబొక్కకు రెండు పక్కల పుల్లల్లాంటి సన్న ఎముకలు అంటుకుని ఉంటాయి. చిన్న వయసులో ఆ అతుకు ఇంకా గట్టిపడదు. బరువు, దెబ్బ, గుండ్రంగా తిప్పుడు ఎక్కువైతే ఆ అతుకు చిరిగి, వాచి, దాన్ని మాన్పుకోవడానికి ఒళ్ళు అక్కడ ఎముక పోస్తుంది. గడ్డ అదే. ఎముకల కొనల్లో పెరిగే భాగాలు కూడా అన్నీ ఒక్కసారి మూసుకోవు. ముందుకాలి మోకాలి పైన ఉన్నది రెండేళ్ళు, రెండున్నరేళ్ళ దాకా తెరిచే ఉంటుంది. వెన్నుపూసలవైతే ఐదేళ్ళు దాటినంక గాని మూసుకోవు. మనం జీను వేసేది ఆ వెన్ను మీదనే.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలియాలి. పిల్లగుర్రానికి ఊపిరి, కండ రెండు మూడు నెలల్లో తయారవుతాయి. ఆయాసం తగ్గుతుంది, ఒళ్ళు నిగనిగలాడుతుంది, ఇంకా కావాలన్నట్టు ఎగురుతుంది. బొక్క, కండను బొక్కకు పట్టి ఉంచే నరం మాత్రం వెనకబడే ఉంటాయి. మోసే బరువు పెరిగినప్పుడు ఒళ్ళు పాత ఎముకను ముందు తొలిచేసి, తర్వాత కొత్తది పోసుకుంటుంది. ఆ నడుమ వారాల్లో ఎముక పూర్వం కన్నా బలహీనం. "బాగనే ఎగురుతుంది గద, దానికే సంబురం" అని మా ఇంట్లో అన్నది సరిగ్గా ఆ వారాల్లోనే.

అట్లని కొట్టంలో కట్టేసి ఐదేళ్ళు మేపమని నేను చెప్పట్లేదు. అదీ తప్పే. ఎముక దెబ్బ తగిలితేనే గట్టిపడుతుంది, కాకపోతే ఆ దెబ్బ చిన్నగా ఉండాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నూనమేకర్ అనే పశువైద్యుడు రేసు గుర్రాల నల్లిబొక్క నొప్పుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిండు. నెమ్మదిగా చాలా దూరం తోలిన పిల్లగుర్రాల కన్నా, తక్కువ దూరం ఉరుకును కొద్దికొద్దిగా, వారంలో ఒకటి రెండుసార్లు ఇస్తూ పోయిన వాటికి ఆ నొప్పులు తగ్గినట్టు చూపిండు. రెండు వందల మీటర్ల ఉరుకుతో మొదలు. గంటల డోలు కాదు.

"రేసుల్లో రెండేండ్లకే ఉరికిస్తరు గదన్నా" అని పోయిన వారం బిలోలి తమ్ముడొకడు అడిగిండు. ఉరికిస్తారు తమ్మీ. దాని మీద కూర్చునేవాడు యాభై చిల్లర కిలోలు. కింద పచ్చిక. పరుగు నిమిషం, నిమిషంన్నర. తర్వాత దినాల తరబడి విశ్రాంతి, కాళ్ళు తడిమి చూసే మనుషులు. ఇంత చేసినా అక్కడ కూడా పిల్లగుర్రాల కాళ్ళు చెడుతూనే ఉంటాయి. నీ బారాత్‌లో వీటిల్లో ఏ ఒక్కటన్నా ఉందా?

మా తాత ధర్మాబాద్ స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. కొత్త గుర్రాన్ని నాలుగు పండ్లు రాందే బండికి కట్టేవాడు కాదు. అప్పటిదాకా మిర్చి బజారు దాకా ఖాళీగా వెంట నడిపించుకుని పోయేవాడు. లారీ హారన్, గంట, జెండా అన్నీ చూపించి తెచ్చేవాడు. చదువు లేని మనిషి. ఆయన లెక్క, డాక్టర్ చెప్పింది ఒక్కటే అయినయ్.

నా పద్ధతి చెప్తా. రెండేళ్ళ పిల్లకు పగ్గం పట్టుకుని మెత్తటి నేల మీద నడక, నడుమ కొంచెం దుడుకు నడక, మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు దినాలు. గుండ్రంగా తిప్పడం ఐదారు నిమిషాలకు మించొద్దు, దిక్కు మార్చాలి. మిగతా పొద్దంతా కట్టు విప్పి చేన్లో వదలాలి. మనిషి ఎక్కడం మూడేళ్ళు దాటినంక, అదీ తేలికవాడు. పని లేని దినం గుగ్గిళ్ళు తగ్గించాలి, లేకపోతే మరునాడు పనికి పెట్టగానే తుంటి కండలు కొయ్యబారి కదలలేదు. పని ఎక్కువైందా అనుమానమొస్తే గుర్రం ఎడమ ముందుకాలి మోచేయి వెనక చెయ్యి పెట్టి గుండె లెక్కపెట్టండి. దూరపు పరుగు పోటీల్లో ఎదిగిన గుర్రానికే గుండె నిమిషానికి 64కు దిగితేగాని ముందుకు పోనివ్వరు. ఇరవై నిమిషాల పనికి అరగంటైనా మీ గుర్రం అంతకు దిగలేదంటే పని ఎక్కువైనట్టే. ఇక ఎండ సంగతి. బండి లాగే, బరువు మోసే పశువుల గురించి 1965 నియమాలు 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించొద్దంటాయి. నాందేడ్ ఎండల్లో పగటి బారాత్‌లు తీసేవాళ్ళకు ఈ మాట ఎవరు చెప్పాలి?

మల్లిగాడికి ఆరు వారాలు పని బంద్ చేసి, చల్లనీళ్ళు కొట్టి, తర్వాత నడకతో మళ్ళీ మొదలుపెట్టినం. వాపు పోయింది, నొప్పి పోయింది, గడ్డ మాత్రం ఉండిపోయింది. కార్తీకం ముహూర్తాలకు అడ్వాన్స్ ఇస్తామని చిన్నాయనకు ఫోన్లు మొదలైనయ్. నిన్న పొద్దుగాల తొట్టి కడుగుతుంటే అడుగున, నానిన ఉలవల నడుమ ఒక పన్ను దొరికింది. తెల్లగా, చిన్నగా, వేరు అరిగిన పాలపన్ను. చిన్నాయన ఫోన్ మాట్లాడుతుంటే పోయి ఆయన అరచేతిలో పెట్టిన. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మళ్ళ చేస్తనన్నా" అని ఫోన్ పెట్టేసిండు.