డ్రాగన్‌ని నమ్మారు, భుజాన్ని నమ్మలేదు

ఇప్పుడే క్లాసు నుంచి వచ్చాను. బ్యాగు కూడా దించలేదు. ఈ కోపం చల్లారకముందే రాసెయ్యాలి, లేకపోతే మళ్ళీ "పోనీలే పాపం" అనేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఫ్యాంటసీ క్యారెక్టర్ల బొమ్మలు వెయ్యమని అసైన్‌మెంట్. మూడు వారాలు, మూడు పాత్రలు: ఒక విలుకత్తె, ఒక ముసలి మాంత్రికుడు, ఒక డ్రాగన్. ఇవాళ రివ్యూ. షీట్లన్నీ గోడకి అంటించి పక్కన నిలబడ్డాను. సార్ వచ్చి విలుకత్తె ముందు ఆగి, తల కాస్త వంచి చూశారు. "బాగుంది కానీ, ఆ కుడి భుజం ఏంటమ్మా అంత లావుంది? ఆడపిల్ల కదా, కాస్త నాజూగ్గా వెయ్యి. జుట్టు వదిలేస్తే గాలికి ఎగురుతూ అందంగా ఉంటుంది. కొంచెం నవ్వితే ఇంకా బాగుంటుంది."

అంతే. పక్క షీటుకి వెళ్ళిపోయారు.

ఆ భుజం చెయ్యి జారి లావైందనుకున్నారా? దాని కోసం నేనెంత చదివానో అడగండి ఒకసారి. 1545లో మునిగిపోయి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌక ఉంది. అందులో 100కి పైగా విల్లులు దొరికాయి. వాటిలో చాలావాటిని పూర్తిగా లాగాలంటే 45 కిలోలకు పైనే బలం కావాలని లెక్కగట్టారు. అక్కడే దొరికిన కొందరి అస్థిపంజరాల్లో, వయసొచ్చేసరికి అతుక్కోవాల్సిన భుజపుటెముక కొస అతుక్కోకుండానే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ బరువైన విల్లు లాగడమే కారణం కావచ్చని పరిశోధకులు అంటారు. ఎముకే అలా అయిపోతే కండ నాజూగ్గా ఎక్కణ్ణుంచి వస్తుందండీ?

నా పిల్ల పదేళ్ళ వయసు నుంచీ విల్లు పట్టింది. ఇది నా కథ, నేను రాసుకున్నాను, షీటు కింద రెండు వాక్యాల్లో ఉంది కూడా. ఎవరూ చదవలేదు. కుడిచేత్తో నారి, అంటే వింటితాడు, లాగుతుంది కాబట్టి ఆ వైపు భుజం, వీపు బలిశాయి. నారి ఛెళ్ళున తగిలేది విల్లు పట్టిన చేతికి, అందుకే ఎడమ ముంజేతికి లోపలి వైపు తోలు పట్టీ. ఆ పట్టీ మీద ఒకేచోట గీతలు పడి రంగు వెలిసినట్టు వెయ్యడానికి నాకో సాయంత్రం పట్టింది. అమ్ములపొది నడుముకి, ఎందుకంటే పరిగెడుతూ వీపు మీంచి బాణం తీయడం ఫొటోలకి బాగుంటుంది కానీ పనికి కాదు. జుట్టు బిగించి జడ వేశాను, నారిలో చిక్కుకోకూడదని. జుట్టు వదిలేయాలట! నారి వదిలినప్పుడు సగం జుట్టు బాణంతో పాటు వెళ్ళిపోతుంది సార్. చాలా అందంగా ఉంటుంది.

నవ్వాలట ఇంకోటి. ఎదురుగా శత్రువు వస్తున్నాడు. ఎందుకు నవ్వుతుంది? వాడేమైనా ఫొటో తీస్తున్నాడా?

ఇక పక్క గోడ సంగతి. అక్కడొక యోధురాలు. భుజాలకి కవచం, మోకాళ్ళకి కవచం, మెడకి కూడా ఏదో ఉంది. పొట్ట మీద మాత్రం ఏమీ లేదు. శత్రువులు మర్యాదస్తులు కాబోలు, అక్కడ పొడవరు. ఛాతీ కవచం రెండు గిన్నెలు బోర్లించినట్టు ఉంది. అసలు కవచాన్ని మధ్యలో ఉబ్బెత్తుగా ఎందుకు కొడతారు? తగిలిన దెబ్బ పక్కలకి జారిపోవడానికి. ఈ రెండు గిన్నెల మీద పడిన కత్తి నేరుగా మధ్యకి జారి రొమ్ము ఎముక మీదికే వస్తుంది. చక్కగా దారి వేసి ఇచ్చింది. క్లాసంతా చప్పట్లు. ఆ మూల ఇంకొకరి మాంత్రికుడికి ఎడమ చేతికి ఆరు వేళ్ళున్నాయి. అవెలా వచ్చాయో నేను అడగలేదు, మీరూ అడగొద్దు. మార్కులు నాకంటే ఎక్కువే వస్తాయి, రాసిపెట్టుకోండి.

అసలు మంట ఇది కాదు. అసలు మంట డ్రాగన్.

డ్రాగన్ నేను నిన్న రాత్రి వేశాను. నిజం చెప్తున్నాను, విలుకత్తె టర్నరౌండ్‌కే టైమంతా పోయింది. ముందు, పక్క, వెనక మూడు బొమ్మలూ వరసగా పెట్టి, గడ్డం, మోచెయ్యి, నడుంపట్టీ ఒకే గీత మీదికి వచ్చేదాకా చెరుపుతూనే కూర్చున్నాను. పక్కనుంచి చూస్తే జడ ఒక వేలు పొట్టిగా వచ్చిందని మళ్ళీ మొత్తం వేశాను. ఇక డ్రాగన్‌కి మిగిలింది మూడు గంటలు. నాలుగు కాళ్ళు వేసి, వీపు మీద రెండు రెక్కలు అతికించాను. అతికించాను అనే మాట కావాలనే వాడుతున్నాను. రెక్క అంటే చెయ్యే కదా, దానికి భుజం ఉండాలి, మోచెయ్యి, మణికట్టు ఉండాలి. ఎగిరే పక్షి ఛాతీలో పడవ అడుగులాంటి ఎముక ఉంటుంది, ఎగరడానికి కావాల్సిన పెద్ద కండలు దాన్ని పట్టుకునే ఉంటాయి. నా డ్రాగన్‌కి అవేవీ లేవు. అది ఎగరలేదు. గట్టిగా తుమ్మితే రెక్కలు ఊడిపోతాయి.

లేని జంతువుని నిజమైనదిలా చూపించాలంటే దాని ప్రతి అవయవం ఏదో ఒక ఉన్న జంతువుని పోలి ఉండాలని లియొనార్డో డా విన్సీ ఎప్పుడో రాసుకున్నాడు. డ్రాగన్‌కైతే వేటకుక్క తల, పిల్లి కళ్ళు, ముళ్ళపంది చెవులు, తాబేలు మెడ, ఇలా లెక్క చెప్పాడు. నాకు తెలుసు. తెలిసీ వెయ్యలేదు. సిగ్గుపడుతూ ఆ షీటుని గోడకి చివర, ట్యూబులైటు వెలుగు సరిగా పడని చోట అంటించాను.

సార్ అక్కడికి వెళ్ళి, "ఇదీ! సూపర్! ఎంత సహజంగా ఉందో చూడండి" అని అందరినీ పిలిచారు.

ఏమనాలో తెలియక థాంక్యూ సార్ అన్నాను. ఆ థాంక్యూ ఇంకా గొంతులోనే ఉంది.

1515లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు ఖడ్గమృగాన్ని కళ్ళతో చూడకుండానే బొమ్మ గీసి, వీపు మీద లేని చిన్న కొమ్ము ఒకటి పెట్టాడు. జనం తరాల తరబడి అది అలాగే ఉంటుందనుకున్నారు. సరే, అప్పుడు చూసినవాళ్ళు తక్కువ. కానీ భుజాలు అందరికీ ఉన్నాయి కదా?

ఇదంతా దారిలో అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. నాదే తప్పు. వాడు తాపీగా, "ఊహే కదే, ఎలా వేస్తే ఏంటి? ఆయన అడిగినట్టు వేసిచ్చి మార్కులు తెచ్చుకో" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈ మాట అనే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉంటే వాడికి మాత్రం లేదని.

వాడి సైన్స్ రికార్డులో గుండె బొమ్మ ఎవరు వేశారు? నేను. వాడికంటే మూడేళ్ళు చిన్నదాన్ని, ఆ పాఠం నాకింకా రానేలేదు. వాడి పుస్తకం చదివి మరీ వేశాను. గుండెలో ఎడమ పై గది, అంటే ఎడమ కర్ణికలోకి, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే పుపుస సిరలు నాలుగు వస్తాయని ఉంటే నాలుగూ వేశాను. పొద్దున్న లేచి చూస్తే రెండు లేవు. రబ్బరు పొట్టు ఇంకా పేజీ మీదే ఉంది. ఏమిట్రా అంటే, "పేర్లు రాయడానికి చోటు చాల్లేదు, అయినా రెండుంటేనే నీట్‌గా ఉంది" అన్నాడు. పదికి పది వచ్చాయి. ఆ బొమ్మని వాళ్ళ టీచర్ క్లాసు గోడకి పెట్టించారు, కింద వాడి పేరుతో. ఇంట్లో అందరూ వాడి పనితనం మెచ్చుకుంటుంటే నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

రేపు మార్పులు చేసి ఇవ్వాలి. ఇందాక ఫైల్ తెరిచి భుజం తగ్గించి చూశాను. విల్లు పట్టుకున్నట్టు లేదు, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళినట్టుంది. అన్‌డూ కొట్టేశాను. జడ అలాగే ఉంది. ముఖం మాత్రం మార్చాను, మొదటిసారి కంటే కనుబొమలు ఇంకాస్త ముడిపడ్డాయి.

అన్నయ్యా, చదువుతున్నావని తెలుసు. లైక్ కొట్టి తప్పించుకోకు. నాకు రెండు పుపుస సిరలు బాకీ ఉన్నావు.