కావున ప్రజలందరూ సహకరించవలెను

తిరుపతిలో మా బైరాగిపట్టెడలో పోయిన వారం ఒక ఆటోలో చాటింపు జరిగింది. జరిగిందనడానికి నా దగ్గరున్న ఆధారం దాని చివరి వాక్యం ఒక్కటే: "...కావున ప్రజలందరూ సహకరించవలసిందిగా కోరుతున్నాము." అంతకు ముందున్నది, అంటే అసలు విషయం, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) అమ్మే ఇంకో ఆటో మైకు కింద పడి నలిగిపోయింది.

గేటు దగ్గర నలుగురం చేరాం. సహకరిస్తాం సరే, దేనికి? కరెంటు తీస్తారని ఒకాయన, రోడ్డు తవ్వుతారని ఇంకొకాయన. పోలియో చుక్కలేమోనని ఎదురింటి అత్త. నాకు టెన్షన్ ఆగక స్కూటర్ తీసి, రెండు వీధుల అవతల ఆ చాటింపు ఆటోను పట్టుకున్నాను.

"ఏం చెప్తా ఉండావు నాయనా?"

"నాకేం తెలుసు సామీ. పెన్ డ్రైవ్ ఇచ్చినారు, పెట్టుకోని తిరగమన్నారు. తిరగతా ఉండా." అతని చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి.

మరునాడు కుళాయి రాలేదు. వీధి వీధంతా సహకరించింది.

ఆ నీళ్లు లేని పూట నేను భాషా పరిశోధనకు కేటాయించాను. 'చాటు' అనే మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనూ రెండూ కనిపిస్తాయి. క్రియగా వాడితే నలుగురికీ తెలిసేలా ప్రకటించడం, నామవాచకంగా వాడితే మరుగు, తెర. ఇది భాషలో లోపమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు, పెద్దల ముందుచూపు. మా కుళాయి సంగతి చాటుగా చాటారు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదు.

ఈ కుటుంబంలో మిగిలిన మాటల పరిస్థితి కూడా అంతంత మాత్రమే. నగారా పేపర్లో తప్ప మోగదు. 'ఎన్నికల నగారా మోగింది' అని చదివినవాళ్లు కోట్లమంది, విన్నవాడు ఒక్కడూ లేడు. 'డంకా బజాయించి చెబుతున్నా' అనేవాడి చేతిలో మైకు ఉంటుంది, డంకా ఉండదు. ఎదుటి పార్టీ పత్రికైతే బాకా, మనదైతే గళం. 'లోకం కోడై కూస్తోంది' అని రాశారంటే ఆ వార్తకు ఆధారం దొరకలేదని అర్థం. ఇక ఎలుగెత్తి చాటడం. ఎలుగంటే గొంతేగానీ, అలిపిరి మెట్ల దారిలో మాత్రం ఆ మాట అనకండి. ఎలుగు అన్నంతవరకే వినపడుతుంది, భక్తులు పరుగెత్తుతారు.

అన్యాయమైపోయింది మాత్రం డప్పు. మా వైపు పలక అంటారు. సొంత గొప్పలు చెప్పుకునేవాణ్ణి 'తన డప్పు తానే కొట్టుకుంటున్నాడు' అంటాం కదా, వాడు జన్మలో పలక ముట్టుకుని ఉండడు. మంట దగ్గర కాస్తేగానీ దాని చర్మం బిగియదనీ తెలియదు. నిజంగా కొట్టినవాడేమో ఏనాడూ తన గురించి కొట్టుకోలేదు.

చంద్రగిరి పక్కన మా తాత ఊళ్లో దండోరా వేసే మనిషి రాములగుడి మలుపులో ఆగేవాడు. నాలుగు దరువులు వేసి, "ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా..." అని అక్కడ ఆపేవాడు. మళ్లీ రెండు దరువులు. ఆ 'ఏమనగా' తర్వాతి ఖాళీ ఎందుకో నాకు చాలా ఏళ్లకుగానీ అర్థం కాలేదు. వంటింట్లో ఉన్నవాళ్లు చేయి తుడుచుకుని వాకిట్లోకి రావడానికి. ఎవరైనా "మళ్లా ఒకసారి చెప్పు" అంటే చెప్పేవాడు. పెన్ డ్రైవ్‌కి ఆ మర్యాద తెలియదు. ఆ మనిషికి ఊరు ఇచ్చింది పంట ఇంటికొచ్చాక కొలిచిన నాలుగు గింజలు. మర్యాద మాత్రం కొలవలేదు. 1994లో మాదిగలు ఆ దండోరా అనే మాటనే తమ ఉద్యమానికి పేరుగా పెట్టుకున్నారు. ఈసారి ఊరి కబురు కాదు, సొంత కబురు. వాళ్లడిగిన ఎస్సీల వర్గీకరణ, అంటే రిజర్వేషన్లో కులాలవారీ వాటాలు, రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు అనడానికి 2024 ఆగస్టు 1 దాకా పట్టింది. కొన్ని చాటింపులు ముప్పై ఏళ్లు వేయాలి.

చట్టానికి మాత్రం డప్పు మీద ఇంకా నమ్మకముంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 21వ ఆర్డరు, 54వ రూలు చూడండి. స్థిరాస్తి జప్తు చేస్తే ఆ సంగతి ఆస్తి దగ్గరే డప్పు మోగించి గానీ, వాడుకలో ఉన్న మరో తీరులో గానీ చాటాలి. గృహప్రవేశానికి ఎవరి డప్పు వాళ్లే కొట్టుకుంటారు. జప్తుకి ఆ శ్రమ కూడా ఉండదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ దాటకూడదంటాయి. ఈ సంగతి మా వీధిలో ఎవరూ చాటలేదు. చాటితే 55 దాటుతుందని భయం కాబోలు.

పోనీ, తిరుపతిలో చాటింపు వేయడం చేతకాదా అంటే, ఏటా వేస్తున్నాం. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఒక మంగళవారం రాత్రి, ఊరు పడుకున్నాక చాటింపు పడుతుంది. విన్నవాళ్లు తక్కువ, తెలియనివాళ్లు లేరు. అది పడ్డాక జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదు. బెంగళూరులో ఇంటర్వ్యూ ఉన్న మావాడు కూడా "చాటింపు పడింది మామా" అని వాయిదా వేయించుకున్నాడు. ఆ వారం బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. వేషంలో ఉన్నవాడు ఎవర్ని తిట్టినా పట్టించుకోరు. నా సూచన ఒక్కటే: కుళాయి ప్రకటనలన్నీ ఆ వారంలోనే పెట్టండి. ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కడికక్కడే అయిపోతుంది.

నిన్న పొద్దున ఆటో మళ్లీ వచ్చింది. ఈసారి ముందే వెళ్లి నడివీధిలో నిలబడ్డాను. "పుర ప్రజలకు ముఖ్య గమనిక..." అన్నంతవరకు స్పష్టంగా విన్నాను. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎర్రగడ్డలు వచ్చేశాయి.

"ఏమన్నాడు నాయనా?" ఎదురింటి అత్త గేటు పట్టుకుని అడిగింది.

"నాలుగు కిలోలు వంద అత్తా."

ఆవిడ లోపలికెళ్లి బిందెలు నింపడం మొదలుపెట్టింది.