పిల్లల ఐసీయూలో క్లోర్‌హెక్సిడిన్ ఉంచాలా, తీసేయాలా?

వెంటిలేటర్ పెట్టి 48 గంటలు దాటాక పిల్లలకు వచ్చే నిమోనియా ఐసీయూల్లో పెద్ద గండం. ఒక జబ్బు నుంచి గట్టెక్కుతున్న బిడ్డను ఇంకో జబ్బు పడగొడుతుంది. దాన్ని ఆపే చెక్‌లిస్టులో నోటిని క్రిములను చంపే మందైన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం చాలాచోట్ల ఉంది. అది తీసేయాలని ఒక డాక్టర్, ఉంచాలని ఒక సీనియర్ సిస్టర్ వాదిస్తున్నట్టు ఊహించి రాసింది ఇది.

డాక్టర్: సిస్టర్, పిల్లల్లో అది పనిచేస్తుందన్న రుజువు ఏదీ? ఢిల్లీ ఎయిమ్స్‌లో మూడు నెలల నుంచి 15 ఏళ్ల వయసున్న 86 మంది మీద పరీక్షించారు. కొందరికి 1 శాతం జెల్, మిగతావాళ్లకి మందు లేని జెల్ రాశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. రెండు వైపులా నిమోనియా ఇంచుమించు ఒకేలా ఉంది.

సిస్టర్: 86 మంది అంటే చిన్న పరీక్షే కదా మేడం. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో జాగ్రత్తలన్నీ కలిపి అమలు చేస్తే పిల్లలు వెంటిలేటర్ మీద గడిపిన ప్రతి వెయ్యి రోజులకు 5.6 ఉన్న నిమోనియా కేసులు 0.3కి దిగాయి. 2009లో ప్రచురించారు. అందులో నోటి శుభ్రతా ఉంది. అన్నీ కలిస్తేనే ఫలితం. ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

డాక్టర్: అది ముందూ తర్వాతా పోల్చిన లెక్క. ఏ జాగ్రత్త వల్ల తగ్గిందో అందులో తేలదు. నోటి శుభ్రత మానేయమని నేను అనడం లేదు. పళ్లున్న పిల్లలకు మెత్తటి బ్రష్, పళ్లు రానివాళ్లకు తడి గాజుగుడ్డ వాడదాం. పెద్దవాళ్ల పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు ఈ మందుతో మరణాలు పెరుగుతాయేమోనన్న అనుమానం వచ్చింది. అందుకే 2022 అమెరికా మార్గదర్శకాలు పెద్దవాళ్లకు బ్రషింగ్ చాలు, ఇది వద్దు అన్నాయి.

సిస్టర్: పెద్దవాళ్ల మీద వచ్చిన అనుమానాన్ని పిల్లలకు అంటగట్టకండి. సీసా బెడ్ పక్కన కనిపిస్తుంటే, డ్యూటీలో అలిసిపోయిన అమ్మాయికి బిడ్డ నోరు చూడాలని గుర్తొస్తుంది. సీసా పోతే నోరు చూడడమే మానేస్తారని నా భయం.

డాక్టర్: నా భయం ఇంకోటి. టిక్ పడింది కాబట్టి బిడ్డ క్షేమమని మనం అనుకుంటున్నాం. నోట్లో చేరిన స్రావాలు శ్వాసనాళంలో వేసిన ట్యూబ్ చివర ఉండే గాలి బుడగ (కఫ్) చుట్టూ జారి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. తల భాగం కనీసం 30 డిగ్రీలు లేపకపోతే, కఫ్ ఒత్తిడి చూడకపోతే, పైన ఎంత మందు రాసినా ఆ జారుడు ఆగదు. బిడ్డను పక్కకు తిప్పేముందు వెంటిలేటర్ గొట్టాల్లో చేరిన నీళ్లు తీసేయాలి, లేకపోతే అవి ట్యూబ్‌లోకి పోతాయి. అసలు ట్యూబ్ ఉన్నన్నాళ్లూ ముప్పే. రోజూ మత్తు తగ్గించి, ‘ఇవాళ తీయొచ్చా’ అని చూడాలి.

సిస్టర్: రౌండ్స్‌లో నిలబడి మత్తు తగ్గించమనడం తేలికే మేడం. రెండేళ్ల బిడ్డకు తెలివి వస్తే చెయ్యి ముందు ట్యూబ్ మీదకే పోతుంది. పీకేసుకుంటే మళ్లీ వేయాలి, అలా మళ్లీ వేసినప్పుడు నిమోనియా ముప్పు ఇంకా పెరుగుతుంది. బ్రిటన్‌లో 18 పిల్లల ఐసీయూల్లో ఇదే పద్ధతి పెట్టి, 2021లో ఫలితాలు చెప్పారు. ట్యూబ్ ముందుగా తీయగలిగారు, నిజమే, కానీ కొద్ది గంటలే.

డాక్టర్: ఆ కొద్ది గంటలు కూడా బిడ్డవే కదా. పైగా అక్కడ ఆ నిర్ణయంలో నర్సులకు పెద్ద పాత్ర ఇచ్చారు. నేను అడిగేది కూడా అదే.

సిస్టర్: అక్కడ వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఇక్కడ రాత్రిపూట ముగ్గురు పిల్లలకు ఒక్కరే. ముగ్గురి చేతులూ ఒక్కమనిషి ఎలా కాస్తుంది? సరే, క్లోర్‌హెక్సిడిన్ గడి కొట్టేయండి. నోటి శుభ్రత గడి అలాగే ఉండాలి. దాని కింద ‘ఇవాళ ట్యూబ్ తీయొచ్చా’ అని రాసి, రోజూ డాక్టరే సంతకం పెట్టాలి. నర్సుల పోస్టుల కోసం సూపరింటెండెంట్ గారికి ఉత్తరం కూడా మీరే రాయాలి.

డాక్టర్: సంతకం పెడతాను, ఉత్తరమూ రాస్తాను. కానీ పోస్టులు వచ్చేదాకా మత్తు తగ్గించకుండా ఆగలేను.

సిస్టర్: అయితే పగలే తగ్గించండి మేడం, వార్డులో మనుషులున్నప్పుడు. రాత్రిపూటైతే నేను ఒప్పుకోను.