హెడ్‌లైటు కొడితే రమ్మనా, ఆగమనా?

జర్మనీ నుంచి బెంగళూరుకు తిరిగొచ్చిన రెండో వారంలోనే నా కారు ముందు బంపరు పగిలింది. వర్తూరు రోడ్డులో కుడివైపు సందులోకి తిరగాలని ఆగి ఉన్నాను. ఎదురుగా వస్తున్న కారతను రెండుసార్లు హెడ్‌లైటు కొట్టాడు. స్టుట్‌గార్ట్‌లో నేనున్న ఆరేళ్లూ ఊళ్లో ఎదుటి కారు అలా లైటు కొట్టిందంటే 'నేను ఆగుతున్నా, నువ్వు వెళ్లు' అనే అర్థం. చెయ్యెత్తి థాంక్స్ చెప్పి తిప్పేశాను. అతను ఆగలేదు. దిగొచ్చి కన్నడంలో అడిగిన మొదటి మాట, "లైటు కొట్టాను కదా, కనబడలేదా?" అని.

ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ లైటు కొడితే 'నేను వస్తున్నా, నువ్వు ఆగు' అని. నేను డ్రైవింగ్ నేర్చుకున్న అనంతపురంలోనూ అంతే. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతినే ఆరేళ్లలో మరిచిపోయాను.

బెంగళూరులో నాలాంటి తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. కార్లంటే పిచ్చి, చేతిలో విదేశీ లైసెన్సు, ఆదివారం తెల్లవారుజామున నిద్రపట్టని గుణం. అయిదింటికల్లా హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా వెళ్తాం. అక్కణ్నుంచి లేపాక్షి దగ్గరే. ఒకాయన డల్లాస్‌లో పదేళ్లు నడిపినవాడు, ఇంకొకాయన మెల్‌బోర్న్, మరొకరు దుబాయ్. ఇడ్లీ ప్లేటు ముందుకు రాగానే 'అక్కడ అలా, ఇక్కడ ఇలా' అనే లెక్కలు మొదలవుతాయి. ఎటు తిరిగినా చివరికి చేరేది ఒక మాటకే: "మనవాళ్లకు క్రమశిక్షణ లేదన్నా. రక్తంలోనే లేదు."

నేను ఒప్పుకోనిది ఈ మాటనే. ఈ మాట అన్న డల్లాస్ మిత్రుడినే తీసుకోండి. అక్కడ నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో, అర్ధరాత్రి చుట్టుపక్కల పురుగు కూడా లేకపోయినా, చక్రం పూర్తిగా ఆపి ఆ తర్వాతే కదిలేవాడు. ఇక్కడికొచ్చిన నెలకే సిల్క్ బోర్డు దగ్గర బస్సుకూ ఆటోకూ మధ్య జానెడు సందు కనబడితే ముందు చక్రం దూర్చేస్తున్నాడు. దూర్చకపోతే సాయంత్రం దాకా అక్కడే నిలబడాలి మరి. నాదీ అదే కథ, కాకపోతే అటునుంచి ఇటు. అనంతపురం రోడ్ల మీద హారన్ మీంచి చెయ్యి తీయకుండా నడిపినవాణ్ని. జర్మనీలో మూడు నెలలు గడిచేసరికి నా హారన్ పనిచేస్తోందో లేదో కూడా తెలియని స్థితికొచ్చాను. మనిషి అతనే, రక్తమూ అదే. మారింది కింద ఉన్న రోడ్డు, దాన్ని కాపలా కాసే పద్ధతి.

జర్మన్లు పుట్టుకతోనే ఇలా లేరు. 1970లో తూర్పు, పశ్చిమ జర్మనీలు రెండూ కలిపి రోడ్డు ప్రమాదాల్లో 21 వేల మందికి పైగా చనిపోయారు. అప్పటి జనాభాతో చూస్తే లక్షకు 27 మంది. మన దేశంలో 2022లో 1,68,491 మంది చనిపోయారు, లక్షకు సుమారు 12 మంది. యాభై ఏళ్ల కిందటి జర్మనీ ఇవాళ్టి మనకంటే రెట్టింపుకు మించిన నరకం చూసింది. అదే జర్మనీలో 2022లో పోయిన ప్రాణాలు 2,788. మధ్యలో ఏం జరిగింది? 1972లో పశ్చిమ జర్మనీలో ఊళ్ల బయటి మామూలు రోడ్లకు గంటకు 100 కిలోమీటర్ల పరిమితి పెట్టారు. తాగి నడిపేవాళ్లకు హద్దు బిగించారు. 1976లో ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి చేశారు. అయితే జరిమానా లేదు కాబట్టి చాలామంది లెక్కచేయలేదు. 1984 ఆగస్టులో 40 మార్కుల (అప్పటి జర్మన్ డబ్బు) జరిమానా పెట్టాక బెల్టు పెట్టుకునేవాళ్లు 90 శాతం దాటారు. ఈలోపు 1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మెర్సిడెస్ ఎస్ క్లాసులోకి వచ్చింది. రోడ్లు మారాయి, అంబులెన్సు వ్యవస్థ మారింది. జనం గుణం మారేదాకా ప్రభుత్వం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

లైసెన్సు దగ్గరే మొదటి తేడా. నాకు అనంతపురంలో ఆర్టీఓ ఆఫీసు మైదానంలో పది నిమిషాల్లో లైసెన్సు వచ్చింది. రోడ్డు ఎక్కనే లేదు. జర్మనీలో కొత్తగా నేర్చుకునేవాడు 90 నిమిషాల చొప్పున 14 థియరీ క్లాసులు వినాలి. మామూలు పాఠాలు కాక, ఊరి బయట అయిదు, ఆటోబాన్ (జర్మనీ ఎక్స్‌ప్రెస్‌వే) మీద నాలుగు, చీకట్లో మూడు తప్పనిసరి డ్రైవింగ్ పాఠాలు. ప్రథమ చికిత్స శిక్షణ వేరే. భారత లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత క్లాసుల నుంచి మినహాయింపు ఉన్నా రెండు పరీక్షలూ రాయాల్సిందే. రోడ్డు పరీక్షలో నేను మొదటిసారి తప్పాను. కుడికి తిరిగేటప్పుడు అద్దం చూశాను గానీ తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడలేదు. ఆ మూల సైకిలు మీద ఎవరూ లేరు. ఉండి ఉంటే అన్నది పరీక్షాధికారి ప్రశ్న. ఆ రోజు కోపమొచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఎడమవైపు నుంచి దూసుకొచ్చే డెలివరీ కుర్రాళ్లను చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. మన దేశంలో 2022లో రోడ్డు మీద పోయినవాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం నడిచిపోతున్నవాళ్లు. కారులో కూర్చుని కార్ల గురించి మాట్లాడుకునే మా గుంపు ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ మరవకూడదు.

మా ఆదివారం సభల్లో ఎక్కువ తిట్లు తినేది లారీలు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఎన్ని లేన్లున్నా లారీ కుడి అంచు పట్టుకునే పోతుంది. ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చేయాల్సి వస్తుంది. జర్మనీలో ఆటోబాన్ మీద కుడివైపు నుంచి దాటడం నిషిద్ధం. వాళ్లు రోడ్డుకు కుడిపక్కన నడుపుతారు కాబట్టి మనకది ఎడమ అన్నమాట. నేనూ లారీలను చాలానే తిట్టాను. ఒకసారి కొడికొండ దగ్గర టీ తాగుతూ ఒక లారీ డ్రైవరును అడిగాను.

"ఎడం లేన్లో ఎందుకు పోవు అన్నా?"

"పొయ్యి సూడు సార్ నువ్వే. ట్రాక్టర్ ఎదురొస్తాది, బండి ఆగిపొయ్యింటాది, గొర్లు వస్తాయి. ముప్పై టన్నులు నా యెనకాల. బ్రేకు కొడ్తే యాడ ఆగుతాది?"

ఆ తర్వాత నేనే పదిహేను కిలోమీటర్లు ఎడమ లేన్లో నడిపి చూశాను. రాంగ్ రూట్లో ఒక ట్రాక్టరు, రెండు బైకులు ఎదురొచ్చాయి. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ ఒకటి, దాని వెనక హెచ్చరికగా నాలుగు రాళ్లూ ఒక చెట్టు కొమ్మా. లారీ డ్రైవరు తెలివితక్కువవాడు కాదు. ఆ రోడ్డు మీద క్షేమంగా ఇల్లు చేరడానికి తనకు తెలిసిన దారి అతను పట్టుకున్నాడు.

మరి ఆ ట్రాక్టరు రైతు సంగతి? హైవే అతని పొలాన్ని రెండు ముక్కలు చేసింది. అవతలి ముక్కకు వెళ్లాలంటే నాలుగైదు కిలోమీటర్లు పోయి యూటర్న్ తీసుకుని రావాలి. డీజిలు అతనిదే, ఎండ అతనిదే. ఒక్క కిలోమీటరు రాంగ్ రూట్లో పోతే పని అయిపోతుంది. ఆటోబాన్‌ను మనం పొగిడేది వేగం గురించి. దాదాపు 70 శాతం దూరానికి శాశ్వత వేగ పరిమితి లేదు, 1978 నుంచి 130 అన్నది సలహా మాత్రమే. కానీ అక్కడ 200లో పోతున్నవాడు నిశ్చింతగా ఉండడానికి కారణం అతని ఇంజిన్ కాదు. గంటకు 60 కిలోమీటర్లకు మించి పోలేని బండి ఆ రోడ్డు ఎక్కడానికి లేదు. మనిషి నడవకూడదు, ఎదురు రావడానికి దారి లేదు, డివైడర్‌కు గండ్లు లేవు. రైతుకు అండర్‌పాస్ ఉంది. మన దగ్గర అండర్‌పాస్ డబ్బు మిగుల్చుకుని ఆ లోటును డ్రైవర్ల క్రమశిక్షణతో పూడ్చమంటున్నాం.

బెంగళూరు నుంచి మైసూరుకు వేసిన 118 కిలోమీటర్ల కొత్త రోడ్డు దీనికి మంచి ఉదాహరణ. 2023 మార్చి 12న ప్రారంభమైంది. మొదటి నెలల్లో వరసగా ప్రాణాలు పోయాయి. మా గుంపులో కొందరు దాన్ని మన ఆటోబాన్ అనుకుని 160లో పోయినవాళ్లే, వాళ్లతో నేను గట్టిగా గొడవపడ్డాను. ఆగస్టు 1 నుంచి ప్రధాన రోడ్డు మీద టూవీలర్లను, ఆటోలను, ట్రాక్టర్లను ఆపేశారు. కెమెరాలు పెట్టి, వంద దాటినవాళ్లకు జరిమానాలు పంపడం మొదలెట్టాక చావులు తగ్గాయి. కెమెరా కింద నూటికి దిగినవాళ్లు నిన్నటిదాకా 160లో పోయినవాళ్లే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పోలిక ఎప్పుడూ ఒకవైపే ఉండకూడదు. మా ఆఫీసులో జర్మనీ నుంచి రెండేళ్ల పనిమీద వచ్చిన సహోద్యోగి ఒకాయన డ్రైవరును వద్దని తనే నడుపుతాడు. మొదటి నెల రోజూ తలనొప్పితో వచ్చేవాడు. ఇక్కడ వెనక ఏముందో ఎవరూ చూడరు, ముందున్నవాడి బాధ్యత అంతా వెనకున్నవాడిదే అని ఆయన కనిపెట్టిన సూత్రం. నిజమే, అద్దాలు మడిచి తిరిగే కార్లు మన దగ్గరే ఉన్నాయి. కానీ ఓ వానాకాలం సాయంత్రం మారతహళ్లి అండర్‌పాస్‌లో నీళ్లలో ఆయన కారు ఆగిపోతే, ఎవరూ పిలవకుండానే అయిదారుగురు దిగి మోకాళ్ల లోతులో తోశారు. తోసి, పేరు కూడా చెప్పకుండా పోయారు. తమ దేశంలో అయితే రెండు కోట్ల మందికి పైగా సభ్యులున్న మోటారు క్లబ్బుకు ఫోన్ చేసి, సాయానికొచ్చే వాళ్ల పసుపు బండి కోసం ఎదురుచూస్తామని, ఇలా తోసేవాళ్లు తగల్లేదని ఆయనే చెప్పాడు. ఇంకోటి, రోజూ వంద మంది అడ్డం వచ్చినా ఇక్కడి ఆటోవాళ్లు ఆ వంద మందినీ అప్పటికప్పుడే మరిచిపోగలరు. ఊళ్ల ట్రాఫిక్‌ను కొలిచే టామ్‌టామ్ కంపెనీ లెక్క ప్రకారం 2023లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు పోవడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టేది. అంత ఓపిక రోజూ చూపించే జనాన్ని క్రమశిక్షణ లేనివాళ్లని ఒక్క మాటలో కొట్టేయడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇందులో మా వృత్తికి సంబంధించిన ముడి ఒకటుంది. కారు తనంతట తానే బ్రేకు వేసుకునే సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీర్లు ఈ ఊళ్లోనే బోలెడుమంది, వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ లేన్ గీతలను నమ్ముతుంది, ముందున్న బండి తన దారిలోనే ఉంటుందని నమ్ముతుంది. ఔటర్ రింగ్ రోడ్డులో ఆటో అడ్డంగా దూరగానే అది భయపడి గట్టిగా బ్రేకు వేస్తుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అందుకే చాలామంది ఊళ్లో దాన్ని ఆపేసి తిరుగుతున్నారు. వేరే దేశపు రోడ్డు ఇచ్చిన మాట మీద ఆధారపడిన యంత్రం అది. మన రోడ్డు ఆ మాట ఇంకా ఇవ్వలేదు.

రోడ్డు మారేదాకా మనం చేయగలిగింది ఏమీ లేదని నేననడం లేదు. కొన్ని అలవాట్లకు రోడ్డుతో, ఎదుటివాడితో పనిలేదు. స్టుట్‌గార్ట్‌లో కూతుర్ని చైల్డ్ సీటు లేకుండా వీధి చివరికి కూడా తీసుకెళ్లని తండ్రి, ఇక్కడ అదే పిల్లను ముందు సీటులో వాళ్ల నాయనమ్మ ఒళ్లో కూర్చోబెడుతున్నాడు. "ఒళ్లో ఉంటే బిడ్డకు భయమేముంది" అంటుందావిడ. ఆవిడకు తెలియదు. అతనికి తెలుసు. 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొంటే పది కిలోల బిడ్డ సుమారు మూడు వందల కిలోల బరువై ముందుకు దూకుతుంది, ఏ నాయనమ్మ చేతులూ ఆపలేవు. జర్మనీలో 150 సెంటీమీటర్ల ఎత్తు గానీ 12 ఏళ్లు గానీ వచ్చేదాకా ఆ సీటు తప్పనిసరి. మన చట్టంలోనూ పిల్లలకు రక్షణ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా రాసే ఉంది. ఎవరైనా కట్టగా నేను చూడలేదు.

వెనక సీటు బెల్టు సంగతి ఇంకా దారుణం. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన వెనక సీటులో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. ఓ నెలపాటు అందరం మాట్లాడుకున్నాం. పోయినసారి డల్లాస్ మిత్రుడి కారులో వెనక కూర్చుని బెల్టు లాగితే గుచ్చడానికి బకిల్ కనబడలేదు. కొన్నప్పుడు వేయించిన తోలు సీటు కవరు కింద మూడు బకిళ్లూ సమాధి అయి ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ సీటులోనే అతని పిల్లలు బడికి వెళ్లొస్తున్నారు. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాగేపల్లి దగ్గర టిఫిన్‌కు ఆగినప్పుడు పక్క కొట్లో బ్లేడు కొని, కవరుకు మూడు గాట్లు పెట్టి బకిళ్లు బయటికి తీశాం. అయిదు నిమిషాలు పట్టింది.