ఎక్స్‌రే యంత్రానికీ వంతు వేయండి

వేసవిలో గోదావరి డెల్టాలోని నల్లమట్టి చేలు నెర్రెలు తీస్తాయి. వానలు పడగానే అదే మట్టి ఉబ్బి మూసుకుపోతుంది. రైతుకు ఇది అలవాటే. కానీ ఆ నేల మీద ఇల్లు కడితే గోడలు బీటలు వారతాయి, రోడ్డు వేస్తే కుంగిపోతుంది. ఇందుకు ముఖ్య కారణం మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం.

అది ఉందో లేదో ఎక్స్‌రేలతో స్ఫటికాలను పరీక్షించే ఎక్స్‌ఆర్‌డీ యంత్రం చెబుతుంది. మట్టి పొడి మీద పడిన ఎక్స్‌రేలు కొన్ని కోణాల్లోనే బలంగా వెనుదిరుగుతాయి. ఆ కోణాన్ని బట్టి స్ఫటికంలో పొరల మధ్య దూరం లెక్కకడతారు. ఈ విద్యకు దారి వేసిన బ్రాగ్ తండ్రీకొడుకులకు 1915లో నోబెల్ వచ్చింది. ఉబ్బని మరో బంకమట్టి ఖనిజం కేయోలినైట్‌లో ఆ దూరం సుమారు 7 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). మాంట్‌మోరిల్లొనైట్‌లో మామూలుగా 15 దాకా ఉండి, గ్లైకాల్ అనే ద్రవం పట్టిస్తే 17కి చేరుతుంది. మట్టి ఉబ్బే గుణం గ్రాఫు మీద కళ్లకు కడుతుంది.

అయితే సొంత యంత్రం లేని కాలేజీ విద్యార్థి శాంపిల్‌ను కొరియర్‌లో పంపి ఎదురుచూడాలి. గ్రాఫు వచ్చాక గ్లైకాల్ పట్టించి మళ్లీ తీయాలనిపిస్తే, మళ్లీ కొరియరే. థీసిస్ గడువు దగ్గరపడిన పిల్లల టెన్షన్ మాకు తెలుసు. యంత్రం పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన చదువు వాళ్లకు అందడం లేదన్నది అంతకన్నా పెద్ద బాధ.

అసలు పెద్ద యంత్రాలనే దేశం పంచుకుంటోంది. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ న్యూట్రాన్లను, బలమైన ఎక్స్‌రేలు పుట్టించే ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌ను యూజీసీ, అణుశక్తి శాఖల ఉమ్మడి సంస్థ యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా విశ్వవిద్యాలయాల పరిశోధకులు వాడుకుంటున్నారు. ఎక్స్‌రేకు దాదాపు కనిపించని హైడ్రోజన్‌ను న్యూట్రాన్లు పట్టిస్తాయి. మట్టి పొరల నడుమ చేరిన నీటి సంగతి తెలియాలంటే అవి కావాలి.

రబీలో నీరు తక్కువైతే కాలువకు వంతులు వేసుకోవడం మనకు కొత్త కాదు. రాజమహేంద్రవరం నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం నిట్ కలిసి కూర్చుని తమ పరికరాలను చుట్టుపక్కల డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీలకూ తెరవాలి. ప్రభుత్వ సొమ్ముతో కొన్న పరికరాలను అందరూ పంచుకునేందుకు 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్ ఉండనే ఉంది.

యంత్రం కొంటే సరిపోదు. ఎక్స్‌రే ట్యూబుకు చల్లటి నీరు ఆగకూడదు, ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) తెగకూడదు, గ్రాఫులోని పీక్‌లు చదవడం వచ్చిన ఆపరేటర్ ఉండాలి. ఆ ఉద్యోగాన్ని ఏడాది కాంట్రాక్టుకు వదిలేస్తే, పని పట్టుబడేసరికి మనిషి వెళ్లిపోతాడు. రాష్ట్ర ప్రభుత్వం మొదట ఆ పోస్టును శాశ్వతం చేయాలని కోరుతున్నాం.