ఆకు మారితే కొత్త పీహెచ్‌డీ అవుతుందా?

వేపాకు అయింది, తులసి అయింది, మునగ, జామ, సీతాఫలం, ఉమ్మెత్త కూడా అయ్యాయి. ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌తో వెండి నానోకణాలు అంటూ ఇంకో టాపిక్ రిజిస్టర్ చేసే ముందు గైడ్లు, ఆర్‌ఏసీ (పరిశోధన సలహా కమిటీ) సభ్యులు దయచేసి ఒక్క ప్రశ్న అడగండి: ఆ ఫ్లాస్కులో తయారైంది వెండేనని దేన్నిబట్టి చెప్తున్నారు?

పద్ధతి అందరికీ తెలిసిందే. 10 గ్రాముల ఆకులు కడిగి, 100 మి.లీ. నీళ్లలో పావుగంట మరిగించి, వాట్‌మన్ నంబర్ 1 పేపర్లో వడపోస్తారు. 90 మి.లీ. ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌లో, అంటే లీటరుకు 0.17 గ్రాములు కలిపిన ద్రావణంలో, 10 మి.లీ. ఎక్స్‌ట్రాక్ట్ పోస్తారు. లేత పసుపు గోధుమరంగుకు తిరుగుతుంది. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే యూవీ-విజిబుల్‌లో 420, 450 నానోమీటర్ల మధ్య ఒక పీక్ (శిఖరం) వస్తుంది. ఆ తర్వాత ఎఫ్‌టీఐఆర్ (రసాయన బంధాలు చూపే పరారుణ పరీక్ష), ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికం ఏదో చూపే ఎక్స్‌రే పరీక్ష), ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), ఈ.కోలై బ్యాక్టీరియా ప్లేట్, చివర్లో ఎమ్‌సీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ జీవకణాల మీద ఎమ్‌టీటీ (జీవకణాలు ఎన్ని బతికాయో చూపే రంగు పరీక్ష). థీసిస్ అయిపోయింది. ఈ రసాయన చర్యను నేను తప్పుపట్టడం లేదు. ఆకులోని ఫినాల్స్, ఫ్లేవనాయిడ్స్ వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇవ్వడం నిజమే. నా గొడవంతా ఆ తర్వాత వేయాల్సిన ప్రశ్నలు ఎవరూ వేయకపోవడం గురించే.

మొదటిది క్లోరైడ్. ఏ ఆకులోనైనా క్లోరైడ్ ఉంటుంది, మరిగిస్తే నీళ్లలోకి దిగుతుంది. సిల్వర్ క్లోరైడ్ కరిగే గుణం ఎంత తక్కువో ఇంటర్ కెమిస్ట్రీలోనే చదువుకున్నాం: కేఎస్‌పీ (ద్రావణీయతా లబ్ధం) విలువ 1.8 × 10⁻¹⁰. వెండి ఒక మిల్లీమోలార్ ఉన్నచోట క్లోరైడ్ 0.18 మైక్రోమోలార్ దాటితే చాలు, అవక్షేపం మొదలవుతుంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో 5 మిల్లీమోలార్ క్లోరైడ్ ఉందనుకోండి. పై కొలతల్లో కలిపాక అది 0.5 అవుతుంది, వెండి 0.9 ఉంటుంది. అంటే సగానికి పైగా వెండి సిల్వర్ క్లోరైడ్‌గానే దిగిపోతుంది. వెలుతురు తగిలితే అది కూడా నల్లబడుతుంది. కాబట్టి రంగు మారడం ఒక్కటే రుజువు కాదు. ఆకుల్లో క్లోరైడ్ తక్కువే ఉన్నా, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి సరిగా తొలవని గాజుసామాన్లు, కుళాయి నీళ్లు ఆ లోటు తీరుస్తాయి.

ఎక్స్‌ఆర్‌డీ ఈ సంగతి దాచదు. రాగి కె-ఆల్ఫా కిరణాలతో తీస్తే లోహపు వెండి పీకులు 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర రావాలి. 27.8, 32.2, 46.2 దగ్గర కూడా పీకులు నిలబడ్డాయంటే మొట్టమొదట అనుమానించాల్సింది సిల్వర్ క్లోరైడ్‌నే. వాటిని "ఆకులోని సేంద్రియ పదార్థం స్ఫటికీకరణ వల్ల వచ్చినవి" అని ఒక్క వాక్యంతో దాటేసిన పేపర్లు కొల్లలు. కొన్నిచోట్ల వాటికి నక్షత్రం గుర్తు పెట్టి వదిలేస్తారు. 32.2 దగ్గరున్న పీక్ వెండి పీక్ కంటే ఎత్తుగా కనిపిస్తుంటే థీసిస్ శీర్షికే మార్చాలి కదా!

ఎక్స్‌ఆర్‌డీ పీక్ వెడల్పును బట్టి పరిమాణం లెక్కగట్టే షెరర్ సమీకరణం సంగతి క్లుప్తంగా చెప్తాను. పీక్ వెడల్పును రేడియన్లలోకి మార్చకుండా వేస్తే జవాబు 57 రెట్లు తేడా వస్తుంది. పరికరం వల్ల వచ్చే వెడల్పును సిలికాన్ లాంటి స్టాండర్డ్‌తో కొలిచి తీసేయాలి. అప్పుడు కూడా వచ్చేది స్ఫటిక ఖండం పరిమాణమే, కణం పరిమాణం కాదు. ఎఫ్‌టీఐఆర్‌లో 3400, 1630 సెం.మీ.⁻¹ దగ్గర పీకులు చూపించి ప్రోటీన్లు కణాలను కప్పాయని రాసేవాళ్లు నమూనా పూర్తిగా ఆరిందో లేదో ముందు చూడాలి. నీటి పీకులు కూడా అక్కడే వస్తాయి.

అన్నిటికంటే బాధ కలిగించేది బ్యాక్టీరియా ప్లేట్. బ్యాక్టీరియా పరిచిన అగార్ జెల్లీలో బావి (చిన్న గుంట) తవ్వి 100 మైక్రోలీటర్లు పోస్తారు, చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్‌ను స్కేలుతో కొలుస్తారు, నానోకణాలు చంపాయంటారు. ఆ బావిలో కణాలతో పాటు చర్య జరగకుండా మిగిలిన వెండి అయాన్లున్నాయి, ఎక్స్‌ట్రాక్ట్ ఉంది. సేంద్రియ పూత పట్టిన కణాలు అగార్‌లో అంత తేలిగ్గా కదలవు, అయాన్లు కదులుతాయి. 2012లో రైస్ విశ్వవిద్యాలయం బృందం ఆక్సిజన్ లేకుండా ఈ.కోలై మీద పరీక్షించింది. ఆక్సిజన్ లేకపోతే కణాల నుంచి అయాన్లు విడుదల కావు. అయాన్లు చంపే మోతాదుకు వేల రెట్లు కణాలు వేసినా బ్యాక్టీరియా చావలేదు. ఈ ఫలితం వచ్చి ఇన్నేళ్లయినా మన థీసిస్‌ల్లో సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ (పోల్చిచూసే నమూనా) కనబడదు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్ పెట్టేసి కంట్రోల్ ఉందంటారు.

కావాల్సింది పెద్ద ఖర్చేం కాదు. కణాలను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి ఏఏఎస్ (లోహం ఎంతుందో కొలిచే పరికరం)లో మొత్తం వెండి ఎంతో కొలవండి. అంతే వెండి ఉండేలా సిల్వర్ నైట్రేట్ ఒక బావిలో, చివరిసారి కడిగినప్పుడు పైన తేరిన ద్రవం ఒక దాంట్లో, అదే పలుచదనంలో ఎక్స్‌ట్రాక్ట్ ఇంకో దాంట్లో పోయండి. తేరిన ద్రవమే కణాలంత జోన్ ఇస్తే మీ ప్రయోగం కణాల గురించి ఏమీ చెప్పనట్టే. ఎమ్‌టీటీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆకులోని పాలీఫినాల్స్ జీవకణాలు లేకుండానే ఎమ్‌టీటీని ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చగలవు, కాబట్టి జీవకణాలు లేని బావులు కొన్ని తప్పనిసరి. ఒకే ఫ్లాస్కు నుంచి మూడు బావుల్లో పోసి 'ఎన్ = 3' అని రాయడం కూడా మానాలి. మూడుసార్లు వేర్వేరుగా ఆకు కోసి, మూడుసార్లు తయారుచేస్తేనే అది మూడు.

స్కాలర్లను తిట్టి లాభం లేదు. డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌ఆర్‌డీ లేక, వేరే ఊళ్లోని ల్యాబుకు నమూనాకింత అని కట్టి పంపేవాళ్లు ఒక్క బ్యాచే పంపగలరు. ఫెలోషిప్ నెలలు ఆలస్యమైతే అదీ కష్టమే. థీసిస్ ఇవ్వడానికి ముందు జర్నల్ పేపర్ ఉండాలని 2016 నిబంధనల్లో ఉన్న షరతును యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో తీసేసింది. ఆ ఒత్తిడి తగ్గిన చోటైనా ఆర్‌ఏసీ సమావేశంలో "ఎన్ని పేపర్లు?" అనే ప్రశ్న పక్కనపెట్టి "కంట్రోల్ ఏది?" అని అడగొచ్చు. అలా అడగాల్సిన బాధ్యత గైడుది, సభ్యులది. రెండో ఏడు స్కాలర్‌ది కాదు.

ఇప్పటికే నమూనా చేతిలో ఉన్నవాళ్లు ఎక్స్‌ఆర్‌డీ బొమ్మ కాకుండా అసలు డేటా ఫైలు తెప్పించుకోండి. 32.2 దగ్గర పీక్ ఉంటే, కడిగి ఆరబెట్టిన పొడిలో కొద్దిభాగం తూచి, సజల అమ్మోనియాలో కొన్ని నిమిషాలు కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయించండి. సిల్వర్ క్లోరైడ్ అమ్మోనియాలో కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉంచకండి, గాలి తగులుతుంటే లోహపు వెండి కూడా కొంత కరుగుతుంది. మిగిలిన అమ్మోనియా ద్రవాన్ని సీసాలో దాచొద్దు, నిల్వ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. అప్పటికప్పుడే సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లంగా మార్చి వెండి వ్యర్థాల డబ్బాలో పోయండి. ముందు ఎంత బరువుందో, కడిగాక ఎంత మిగిలిందో, ఆ రెండు అంకెలూ థీసిస్‌లో రాయండి.